ఒక్క పలక

మార్టేరు దాటాక, కాలవ గట్టున, రేకుల షెడ్డు.
లోపల నడుమెత్తు కూడా లేని ఎర్రకారు.
తలుపుల్లేవు, టాపు లేదు.
పక్కన తెల్ల వలయంలో ఏడో నంబరు
అరిగి అరిగి ఒకటైంది.
ఒకటో స్థానంలో ఎన్నడూ రాలేదంట, అది వేరే సంగతి.

షోలవరంలో పరిగెత్తిన బండి.
రొయ్యల వరహాలరాజు గారు మద్రాసు తుక్కు కొట్లో బేరమాడి
లారీలో, గడ్డిమోపుల మధ్య,
కోడిగుడ్ల బుట్ట దింపినట్టు దింపించారు.
"జక్రయ్యా, దీని గొంతు చూడు" అన్నారు.

గొంతు ఒకటి కాదు, రెండు.
రెండు మరచెంబుల్లా పక్కపక్కన
రెండు కార్బురేటర్లు.
ఇద్దరూ ఒక్క ఊపిరి పీల్చాలి.
ఒకడు ఎక్కువ లాగాడా,
ఒరిగిన కావిడిలా బండి కుంటుతుంది.

మద్రాసు గాలికి కట్టిన శ్రుతి అది.
మా గాలి వేరు.
మిల్లులో ఉడికే వడ్ల ఆవిరి, చెరువుల చెమ్మ,
నర్సాపురం వైపునుంచి వచ్చే ఉప్పు,
పీల్చేదాంట్లో సగం నీళ్లే.
మొదటి రోజు కారు నల్లగా దగ్గింది.
మాస్టారు ప్లగ్గు విప్పి నా అరచేతిలో పెట్టారు.
కాలింది.
"మసి పట్టిందంటే తిండెక్కువైనట్టు.
సున్నంలా తెల్లబడితే పస్తున్నట్టు.
తాటిబెల్లం రంగు రావాలి, ఆయ్."

జెట్టు కింద ఆరు పలకల ఇత్తడి నట్టు.
ఒక్క పలక తిప్పు. ఆగు. విను.
ఇంకో పలక.
తొందరపడితే మళ్లీ మొదటికి.

వినడానికి మూడడుగుల రబ్బరు గొట్టం,
చేలో మందు కొట్టే పంపుది.
ఒక కొస చెవిలో, ఒక కొస కార్బురేటరు నోట్లో.
ముందుదాని బుసా వెనకదాని బుసా
ఒకే పాము పెట్టినట్టుండాలి. ముందు అది కుదరాలి,
పలకల లెక్క ఆ తరవాత.

కానీ చుట్టూ రాజుగారి చెరువులు.
రాత్రంతా ఏరేటర్ల చక్రాలు నీళ్లని బాదుతుంటే
ఏ పామూ వినపడదు.
కరెంటు పోవాలి.
పోయాక జనరేటరు అందుకునేలోపు
నలభై సెకన్లు.
రొయ్యకి ఊపిరాడని ఆ నలభై సెకన్లలో
మేం బండి ఊపిరి చూసేవాళ్లం.
పాపమే. ఏం చేస్తాం.

మూడు రాత్రులు, పదకొండు సార్లు కరెంటు పోయింది.
పదకొండోసారి మాస్టారు గొట్టం తీసి
"కుదిరింది" అన్నారు.
నాకిచ్చారు, ముచ్చటకి.
నేను విన్నాను.
కుదరలేదు.
వెనకది బరువుగా, గరగరగా లాగుతోంది.
చెప్పాలా? జనరేటరు అందుకుంది,
చీకటి మళ్లీ నీళ్ల చప్పుడుతో నిండింది.
అరిచి చెప్పాను.

ఆయన కోప్పడలేదు.
గొట్టం ఈ చెవి నుంచి ఆ చెవికి,
ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకుంటూ నిలబడ్డారు.
అప్పుడు తట్టింది నాకు:
వంగినప్పుడు ముందుదాన్ని కుడిచెవితో,
వెనకదాన్ని ఎడమచెవితో వింటున్నారు.
ఎడమది, పెనుగొండ సెంటర్లో లారీ టైరు పేలిన రోజే
సగం పోయింది.
"అయితే ఏంట్రా," అని నవ్వారు,
"ఇరవై ఏళ్లుగా మన చుట్టుపక్కల స్కూటర్లన్నీ
నా ఎడమచెవి చెప్పినట్టే పలుకుతున్నాయన్నమాట!"
నవ్వి నవ్వి, కళ్లొత్తుకుని,
స్క్రూడ్రైవరు పిడి నావైపు తిప్పి ఇచ్చారు.

పన్నెండోసారి కరెంటు పోయేసరికి
మూడున్నర.
స్క్రూ వెంట్రుకవాసి. గొట్టం. ఇటు. అటు.
ఒకటే పాము.
తరవాత నట్టు, ఒక్క పలక పైకి,
రెండోదానికి కూడా.
దగ్గు మానేసి బండి
దానిలో అది ఏదో గొణుక్కుంటున్నట్టు నిలకడగా తిరిగింది.
అప్పుడే జనరేటరు.

తెల్లారాక గట్టు మీద ఆచంట దాకా పోయొచ్చాం.
దారిలో బాతులవాడొకడు
మందంతటినీ కాలవలోకి తోలి మరీ దణ్ణం పెట్టాడు.
నాలుగు ప్లగ్గులూ విప్పి గోనె మీద వరసగా పెట్టాం.
తాటిబెల్లం. తాటిబెల్లం. తాటిబెల్లం.
నాలుగోది ఇంకా కాస్త నలుపు.

దాని సంగతి
మళ్లీ కరెంటు పోయినప్పుడు.