టైరుకు మొప్పలుండవు

బొచ్చెనైతే నేను బొటనవేలితోనే అడుగుత.
నొక్కితే గుంత వడి మల్ల నిండాలె,
మొప్ప లేపితే మంకెన పువ్వు లెక్క ఎర్రగుండాలె.
కన్ను లోపటికి గుంజుకపోయిన చేపను
ఇరవయ్యేండ్లల్ల సొంత బామ్మర్దికి గూడ అమ్మలే.

టైరుకు మొప్పలుండవు.
దేవరకొండ బస్టాండు ఎన్క లతీఫ్ దుకాన్ల
మూడు టైర్లు గోడకానుకొని నిలవడ్డయి.
మూడూ నల్లగనే, మూడింటికీ కొత్త వాసనే.
ఏది నిన్నటిదో ఏది మురిగిందో
ఎట్ల జెప్పాలె?

"తొమ్మిది నూర్లది తీస్కపో," అన్నడు దుకాన్ల పోరడు.
నా చెయ్యి జేబుకు వోయింది.
ఆ జేబుల ఉన్నదీ అంతే.

అప్పుడు లతీఫ్ లేచి
టైరు పక్కను లుంగీ కొసతోని తుడిచి
గుడ్డు అసొంటి గీత నడుమ నాలుగంకెలు సూపిచ్చిండు.
"ముందటి రెండు వారం, ఎన్కటి రెండు ఏడు.
ఇది నలభయ్యో వారంల పుట్టింది, నాలుగేండ్ల కింద.
ఒక్క అడుగు నడవకుంటనే గోడౌన్ల ముసల్దయింది."
పోరడు గోడ దిక్కు జూసిండు.

గవే మొప్పలన్నమాట.

నా బండి సంగతి లతీఫ్‌కు ఎరుకే.
ఎన్క అరవై కిలోల డబ్బా, దానిమీద ఐసు.
డిండి కట్టకాడికెల్లి నాలుగింటికి లేస్తది.
తండాలు, గుట్టలు, సర్కారు తుమ్మ ముండ్లు,
కంకర వోసి రోడ్డు సంగతి మరిచిపోయిన కంట్రాక్టర్లు.
ముంగటి టైరు కొత్తల్లుని లెక్క రెండేండ్లు కులాసగుంటది,
బరువు మోసే ఎన్కటిది
నడుమ అరిగి బోడగుండయితది.

మిరుగం నాడు జారింది.
ఏడాదికొక్కనాడు తొవ్వ పొంటి జనం
నా కోసం గిన్నెలు వట్టుకొని నిలవడే దినం.
తొలి వాన, మలుపు, బ్రేకు తొక్కిన.
చక్రం ఆగింది, బండి ఆగలే.
డబ్బా పగిలి, పానమున్న కొర్రమట్టలు
తార్రోడ్డు మీద ఈదవట్టినయి.
మేకలు గాసే పోరగాండ్లు ఏరి తెచ్చిచ్చిండ్రు.
ఒక అవ్వ మాత్రం ఒకదాన్ని కొంగుల కట్టుకొని
ఎన్కకు జూడకుంట వోయింది.
మోకాలు చిప్ప వట్టుకొని నవ్విన.
మిరుగం గదా, తినాలె.

ఆ రాత్రి పసుపు వెట్టుకుంట అలివేలు అడిగింది:
"చేపకు పానం వోయిందో లేదో ఊరందరికి జెప్తవు,
టైరుకు వోయింది కండ్లవడలేదా?"

లతీఫ్ సుద్దముక్కతోని బండ మీద లెక్కేసిండు.
తొమ్మిది నూర్లది ఏడు వేల కిలోమీటర్లు.
నువ్వు దినాం ఎనభై తిరుగుతవు,
మూడు నెల్లల్ల మల్లొస్తవు. రోజుకు పది రూపాలు.
పదహారు యాభైది ఇరవై వేలు నడుస్తది. రోజుకు ఆరున్నర.
"మరి ఇరవై నాలుగు నూర్లది?"
"అది మెత్తది. తడి రోడ్డును పిల్లి లెక్క వట్టుకుంటది గని,
నీ కంకర మీద దాని గోర్లు జల్ది అరుగుతయి."

అగ్గువది అగ్గువ గాదు, సమజైంది.
ఇంకోటి గూడ సమజైంది, అది బండ మీద రాయలే:
రోజుకు ఆరున్నర కట్టాలంటే
ముంగటనే పదహారు నూర్ల యాభై చేతులుండాలె.
లేనోడు పది కడ్తడు.

లతీఫ్ నా మొఖం సదివిండో ఏమో,
సుద్దను చెవి మీద వెట్టుకొని అన్నడు:
"తొమ్మిది నూర్లియ్యి. మిగిలిన ఏడు యాభైకి
ఐతారం ఐతారం చేప దే. మొప్ప నేనే జూస్త."

బిగిచ్చినంక గాలి వట్టిచ్చి, ఏలు సూపిచ్చుకుంట జెప్పిండు,
వారానికొక్కపారి గాలి జూడకుంటే
ఎంత పెట్టి కొన్నా సగం తొవ్వల్నే సస్తదని.

మర్నాడు సీకట్ల, కిక్కు కొట్టే ముందు వంగిన.
కొత్త రబ్బరుకు సన్న మీసాలున్నయి, జెల్లకున్నట్టే.
అలవాటు. బొటనవేలితోని నొక్కిన.
గుంత వడలే.
నా వేలికే గీతలు వడ్డయి.