ఎడమ పక్కకి

ఈ ఊరి పేరు హల్.
తెలుగులో రాస్తే చివర పొల్లు మిగులుతుంది,
ఏ అచ్చునీ ఎక్కించుకోని ల్.
గురువారం రాత్రుళ్ళు హెసిల్ రోడ్డులో
నేనూ అలాగే బస్సు దిగుతాను,
భుజాన తెల్లబట్టల సంచీ,
వేళ్ళకి ఇంకా వదలని కారవాన్ కిటికీల జిగురు.

ఒకప్పుడు వలలు అల్లిన షెడ్డు అది.
దూలాలకి కొక్కేలు ఇంకా ఉన్నాయి.
కింద ఆకుపచ్చ చాపలు,
మధ్యలో డోరీన్ ఆస్క్యూ,
డెబ్భై ఒకటో ఏడు,
ఎండిన కాకరకాయ ముక్కల్లాంటి చెవులు,
ముప్ఫై ఏళ్ళు చేపలు కోసిన చేతులు.
ఆమె కాలర్ పట్టుకుంటే నేనూ ఒక కాడ్ చేపనే.

పదకొండు వారాలుగా ఒకటే పాఠం,
ఉకి వాజా.
అవతలి మనిషిని తన కుడి ముందు మూలకి లాగి
ఆ పాదం బయట నా ఎడమకాలు అడ్డంగా చాపి
ఎడమ పక్కకి నేనే పడాలి.
ముందు నేను.
నా బరువు పోయిన దారినే ఆమె గాల్లోకి.

నలభై ఆరేళ్ళ ఒళ్ళు వింటుందా?
నడుము సగందాకా వచ్చి బేరమాడుతుంది.
ఎడమచెయ్యి పట్టు వదిలేసి
చీకట్లో స్విచ్చు వెతికినట్టు నేలని వెతుకుతుంది.
"నేను పడమన్నాను," అంటుంది డోరీన్.
"కూర్చోవాలనుంటే కుర్చీలు అదిగో, అక్కడున్నాయి."

ఇల్జే ఏమీ అనదు.
లాట్వియా మనిషి, బేకరీలో రాత్రి షిఫ్టు,
నాకన్నా ఇరవై కిలోలు ఎక్కువ.
కుడి మోకాలి మీద జెర్రిలాంటి కుట్ల మచ్చ.
ఎవరు చేశారంటే
"సగం పడినవాడు," అంది.
ఇంకో వారం అడిగితే పేరు కూడా చెప్పింది, గ్రాంట్.
తర్వాత అతన్నే పెళ్ళాడిందట,
మోకాలు నయమయ్యేలోపు వదిలేసిందట.

ఆ మచ్చ చూశాక నా భయం ఇల్లు మారింది,
నా తుంటిలోంచి ఆమె మోకాలికి.

పోయిన వారం బస్సు కిటికీ ఆవిరి మీద
వేలితో రాశాను: పడు.
ఇంత చిన్నమాట ఎన్నింటి తోక పట్టుకు తిరుగుతుందో,
భయపడు, సిగ్గుపడు, ఇబ్బందిపడు.
పడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కారమ్మా అనేది మా మేనత్త,
నా నోరు మూయించాల్సి వచ్చినప్పుడల్లా.
కింద ఇంకోటి రాశాను: నిలబడు.
అందులోనూ ఉంది, చివర, బ వేషంలో.
అది చూస్తూ ఉండగానే స్టాపు దాటిపోయింది.
వానలో వెనక్కి నడిచాను.

ఇవాళ హీటరు మొరాయించింది.
మాట్లాడితే నోట్లోంచి పొగ.
నా కుడిచెయ్యి ఇల్జే కాలర్ మీద,
ఎడమచెయ్యి ఆమె మోచేతి దగ్గర.
ఈస్టు వాసన.
ఒక అడుగు నేను వెనక్కి, ఆమె ముందుకి.
రెండు.
మూడో అడుగులో ఆమె బరువు
కుడి చిటికెనవేలి మీదికి జారడం
నా చేతులకి వినపడింది,
బిందె ఒరిగేలోపే లోపల నీళ్ళు ఒరిగినట్టు.

ఏమీ ఉంచుకోలేదు.
కాలు చాపాను, భుజం నేలకి ఇచ్చేశాను.
కొక్కేలు, దూలాలు, ట్యూబులైటు వరసగా పైకి వెళ్ళిపోయాయి.
వాటి మధ్యలోంచి ఇల్జే,
ఎనభై నాలుగు కిలోల తెల్లబట్ట,
ఏ తొందరా లేకుండా నన్ను దాటుతోంది.
ఆమె అరికాళ్ళు చూశాను.
మడమ పగుళ్ళలో పిండి.

తర్వాత చప్పుడు,
చాప మీద ఆమె అరచెయ్యి.
మూల ఆడుకుంటున్న పిల్లలు తిరిగి చూశారు.

పక్కపక్కనే వెల్లకిలా ఉన్నాం.
ముందు మోకాలు తడిమి చూశాను, ఆమెది.
ఆమె నవ్వుతూ తన భాషలో ఏదో అంది.
నేను నా భాషలో "అబ్బ" అన్నాను.
రేపటికి ఎడమ తుంటి మీద నేరేడుపండు తేలుతుంది,
ఫ్యాక్టరీ స్టూలు మీద ఒరిగి కూర్చోవాలి.

డోరీన్ టీ కప్పు కింద పెట్టింది.
పొగడదు, తెలుసు.
"ఊఁ," అంది,
"ఇప్పుడు కుడి పక్కకి."

చేతులు పట్టుకుని లేచాం.
కుడి పక్కకి నాకు అసలు రాదు.