నాలుగో అక్షరం

కార్డిఫ్‌లో మా గొంతు క్లినిక్‌కి ఎంత గాయకుడొచ్చినా
ముందు గుడ్డముక్కతో నాలుక పట్టి లాగుతాను.
తర్వాత "ఈ" అనమంటాను.
మన వరసలో నాలుగో అక్షరం.
ఇంతవరకు కాదన్నవాడు లేడు.

తెరమీద రెండు తెల్లటి పట్టీలు,
వేలి కణుపంత పొడవు,
తడిగా, లేత కొబ్బరి మీగడలా.
మగగొంతులో సెకనుకి నూరుసార్లు కొట్టుకుంటాయి.
నా మిణుకుదీపం వెలుగుతూ ఆరుతూ అబద్ధమాడుతుంది,
అంత వేగాన్నీ
గాలికి తీరిగ్గా ఊగే ఆరేసిన చీరలా చూపిస్తుంది.

సోమవారం ఆపెరా కుర్రాడు గెథిన్.
మెడకి మఫ్లరు, జేబులో తేనెసీసా,
తన గొంతుని చంటిబిడ్డలా చంకనేసుకు తిరుగుతాడు.
మంగళవారం ముక్కుపోగు రీస్,
అరుపుల బ్యాండువాడు.
రాత్రంతా గర్జించొచ్చినా పట్టీలమీద గీత లేదు.
ఎలాగయ్యా అంటే,
"అరుపు కాదండీ అది,
ఊపిరిని ఆచితూచి ఖర్చు పెట్టడం" అన్నాడు, షావుకారులా.
గ్రేంజ్‌టౌన్ నుంచి ఖవ్వాలీ పాడే షౌకత్.
నాలుక మీద తమలపాకు ఎరుపు.
అతని "ఈ" ఒకచోట నిలవదు,
నాలుగు మెట్లెక్కి, దిగి,
వంగి సలాం చేసి గానీ ఇంటికి రాదు.

లోపల అందరివీ అవే పట్టీలు.
పన్నెండేళ్లుగా దొంగచాటుగా వెతుకుతున్నాను,
గొప్పతనం ఏ మడతలోనో దాక్కుని ఉంటుందని.
వాపు కనిపిస్తుంది. కణితి కనిపిస్తుంది.
రాత్రి తిన్న కారం కూడా కనిపిస్తుంది.

నా చిన్నప్పుడు చీరాల స్టేషన్లో
పల్లీలమ్మే మస్తాను ఉండేవాడు.
బండి కదిలి ఊరు దాటాక కూడా
అతని "వేడీ..." మా పెట్టెలోనే కూర్చునేది,
టిక్కెట్ లేకుండా.
అతని నోట్లోకి ఎవరూ దీపం పెట్టి చూడలేదు.

ఎమ్లిన్ ప్రాసర్‌కి డెబ్బై ఒకటి.
ఉక్కు కొలిమి దగ్గర ముప్ఫై ఏళ్లు,
చాపెల్ మగవాళ్ల బృందంలో
అందరికన్నా కింది స్వరం నలభై ఏళ్లు.
గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టుందని వచ్చాడు.
మిరియపు గింజంత బొడిపె. కోసి తీశారు.
వారంపాటు మౌనం, గుసగుస కూడా వద్దన్నాం.
పలకా సుద్దముక్కా కొనుక్కున్నాడు.
భార్య నెరిస్ నవ్వింది:
"నలభై ఆరేళ్ల కాపురంలో మొదటిసారి
నా మాట చివరిదాకా విన్నాడమ్మా."

ఉండబట్టలేక అడిగాను,
మగగొంతుల్లో ఏది గొప్పదని.
పేర్లు రాస్తాడనుకున్నాను.
సుద్ద కీచుమంది:
"పక్కవాడి ఊపిరి వినేవాడిది."
మోచేత్తో తుడిచి మళ్లీ రాశాడు:
"ఒక్కడే పాడుతున్నా సరే."

నాకు సగమే అర్థమైంది.
ఆ సగాన్నీ పూర్తిగా నమ్మానని చెప్పను.
గెథిన్ వింటే మఫ్లరు ఇంకో చుట్టు చుట్టుకునేవాడు.

ఎనిమిదో రోజు. కిటికీకి అడ్డంగా వాన.
"నోరు మూసుకుని, మెల్లగా, ఒక్క స్వరం" అన్నాను.
వెంటనే అందుకోలేదు.
గోడలో హీటరు గొణుగుడు విన్నాడు,
నా రబ్బరు తొడుగు చప్పుడు విన్నాడు,
మూలన కూర్చున్న నెరిస్
ఊపిరి పీల్చేదాకా ఆగి
ఆ ఊపిరి మీద కాలు మోపాడు.

"మ్..."

బొంగురుగా, అంచులు చిరిగి,
శ్రుతికి బెత్తెడు దిగువన.
బల్లమీద స్టీలు పళ్లెం సన్నగా వణికింది.
బయట బెంచీ మీద రీస్
చెవుల్లోంచి తీగలు లాగేశాడు.
నెరిస్ తలుపు వైపు చూసింది, ఎవరో వచ్చినట్టు.

రికార్డు మీట నొక్కడం మరిచిపోయాను.

ఇంకోసారి అనమన్నాను.
అన్నాడు పాపం,
శ్రుతిలో, శుభ్రంగా.
ఫైల్లో ఉన్నది అదే.