మంచి చెవి

బడి గోడమీద పెద్దక్షరాలు:
“ఇక్కడ ఇంగ్లీషులోనే మాట్లాడవలెను.”
రాసింది తెలుగులో.
నవ్వుకునే తీరిక నాకు జూన్‌లో దొరకలేదు.

హొళగుంద దాటి మూడు కిలోమీటర్లు, ఒకటో తరగతి,
ముప్పై ఒక్క మంది.
ఇండ్లల్లో కొందరిది కన్నడం, కొందరిది ఉర్దూ,
తాండా నుంచి నడిచొచ్చే నలుగురిది లంబాడీ.
తెలుగు నాది.
ఇంగ్లీషు ఎవరిదీ కాదు, అందుకే అందరికీ సమానమని
ట్రైనింగులో సారు చెప్పినాడు.
నీళ్లలో దించితే ఈత అదే వస్తుందన్నాడు.

నిజమే కావచ్చు.
మా నాయన నన్ను దిగుడుబావిలో దించినప్పుడు
నడుముకు మునగబెండ్లు కట్టినాడు,
వారానికి ఒకటి విప్పినాడు.
సారు ఆ బెండ్ల సంగతి చెప్పలేదు.

హనుమేశుకు బీ, డీ ఒకటే.
“మేకను అటు తిప్పినా మేకే గదా మిస్,
దీనికెందుకు పేరు మారుతాది?”
నా దగ్గర జవాబు లేదు.
ఎడమ పిడికిలికి బొటనవేలు లేపితే బీ,
కుడి పిడికిలికి డీ అన్నాను.
అన్నం ముందర కూడా వేళ్లు లేపి చూసుకుంటాడు.

ఉరుకుందుకు కుడిచెవి
చీము కారి కారి మూతపడింది.
దసరా ముందర గాని నాకు తెలియలేదు.
అంతవరకు మొండోడనుకున్నాను.
రెండుసార్లు గోడకుర్చీ వేయించినాను.
ఇది ఏ రిజిస్టరులోనూ లేదు.
ఇప్పుడు వాని కుడిపక్క గోడ,
ఎడమపక్క షాకిరా.

షాకిరా మాట్లాడదు.
హాజరుకు చెయ్యెత్తుతుంది, అంతే.
“ఇంట్లో నోరు మూయదు మేడమ్” అనింది వాళ్లమ్మ,
జుట్టునిండా పత్తి పోగులతో, వాకిట్లోనే నిలబడి.
అడగడం మానేసినాను.
పలకమీద బొమ్మ వేసిస్తే
కింద ఒక గీత గీసి తిరిగిస్తుంది.
అదే మా ముచ్చట.

ఒక పొద్దున, యూ ఫర్ అంబ్రెల్లా.
ఈ ఏడు గొడుగు విప్పే వాన పడనే లేదు.
సగం మంది దాన్ని చూసింది
ఊరేగింపులో దేవునిమీదే.
బోర్డుకు తిరిగి బొమ్మ గీస్తుంటే
వెనక గుసగుస:
“కొడె. కొడె అంతె.”

ఉర్దూ ఇంటి పిల్ల
నా ఇంగ్లీషు విని
ఉరుకుందు మంచి చెవిలో
కన్నడంలో.

తిరిగితే ఆగిపోతుందని
తిరగలేదు నేను.
గొడుగుకు కమ్ములు గీస్తూనే ఉన్నాను,
పన్నెండు, పదమూడు,
ఏ గొడుగూ మొయ్యనన్ని.

డిసెంబరులో ఉరుకుందువాళ్లు
గుంటూరు పక్కకు మిరపకాయల సుగ్గికి పోయినారు.
లారీ ఎక్కేముందు వాని అంగీ జేబులో
కాగితం మడిచి పెట్టినాను:
“వీనికి ఎడమచెవే మంచిది,
ఎడమపక్క నిలబడి చెప్పండి.”
అక్కడ బడికి పంపుతారో,
చేన్లో నిలబెడతారో.

నిన్న కొత్తగా చేరిన పిల్లను
ఆ ఖాళీలో కూర్చోమన్నాను.
షాకిరా పలక అడ్డం పెట్టింది.
“నో” అనింది,
హెడ్‌మాస్టరు గదిదాకా వినబడేట్టు.

ఏడు నెలల తర్వాత
గోడమీది రాత ప్రకారమే
మొదటి మాట.

కొత్త పిల్లను నా కుర్చీ పక్కన కూర్చోబెట్టి
అంబ్రెల్లా పేజీ
మళ్లీ తీయమన్నాను.