పైపు చివర

కళింగపట్నంలో మంచు పడదు.
అందుకే కూర్మయ్య మావ
ఎండిన బోరులోంచి పీకేసిన పైపుని తెచ్చి
ఇసక దిబ్బ వాలులో
రెండు సరుగుడు దుంగల మీద పడుకోబెట్టి
"ఇదే గుల్మార్గు" అన్నాడు.

విరిగిన తెప్పలోంచి ఊడదీసిన చెక్క.
కాళ్ళు జారకుండా సైకిలు ట్యూబు పట్టీలు.
అడుగున కొవ్వొత్తి రుద్ది రుద్ది
నా అరచేతులు
కరెంటు పోయిన రాత్రుల వాసన.

మావ మిలట్రీలో మంచు మీద జారినోడు.
ఎడమ మోకాలు అక్కడే ఉండిపోనాదంటాడు,
ఎవరైనా అడిగితే.

"నడుం కాదు, మోకాళ్ళు వంచు.
బుజాలు చెక్కతోపాటే తిరగాల.
ఇనుమెక్కినాక అంచు నొక్కకు,
అరికాలు సదరంగా ఉంచు.
కాళ్ళకేసి సూడకే గుంటా, అవెక్కడికీ పోవు.
పైపు సివర సూడు."

నేను కాళ్ళే చూశాను.
పదకొండుసార్లు.

ఇనుము తగలడం పాపం
ఒళ్ళు తనంతట తనే వెనక్కి వాలుతుంది,
లెక్కల మేష్టారు చెయ్యెత్తినప్పుడు వాలినట్టు.
చెక్క ముందుకి పోతుంది.
నేను మిగులుతాను,
తుంటి మీద నేరేడు పండు రంగుతో.

"బయమేస్తే ముందుకొంగు."
ఇదేం మాట!
భయమేసిన మనిషి ముందుకెళ్తుందా?

ఇంట్లో బిందె మోస్తూ మోకాళ్ళు వంచుతున్నాను.
గార బస్సులో కమ్మీ పట్టుకోకుండా నిలబడి
కండక్టరు చేత తిట్లు తింటున్నాను.
"ఏటే, కాలికేటైనాది?" అంటాది అమ్మ.
ఏటీ నేదు.

ఆదివారం, ఎండ చల్లారేక,
పైపు చివర ఎవరిదో మేక నిలబడి
సముద్రం కేసి నములుతోంది.
చూడ్డానికి ఇంకేం లేదు కనక
దాన్నే చూశాను.

పెనం మీద అట్లకాడ గీకిన చప్పుడు.
ఆ చప్పుడు నా కిందే,
పొడుగ్గా, ఇంకా పొడుగ్గా.
మేక పారిపోయింది.
నేను పారిపోలేదు.

తర్వాత మూతినిండా ఇసక, అది వేరే సంగతి.
"మూడొంతులొచ్చినావు" అన్నాడు మావ,
అడుగులతో కొలిచి.
పూర్తిగా అని ఒప్పుకోడు.

మొహం కడుక్కోడానికి అలల దాకా పోయి
వెనక్కి తిరిగి చూస్తే,

మావ అటూ ఇటూ చూసి
చెప్పులు విడిచేడు.
కుడికాలు పైపు మీద,
ఎడమది ఇసకలోనే.
మోకాలు కొంచెం వంచి, బుజాలు తిప్పి
చివరకే చూస్తున్నాడు.

నేను మొహం మళ్ళీ కడుక్కున్నాను,
మెల్లగా.