ఒక స్వరం తక్కువ

మా ఇంట్లో దానికి కుంటిపాట అని పేరు.
అసలు పేరు ఎవరూ అడగలేదు.
తకిట తకిట అని మూడేసి అడుగులు వేస్తూ పోయి
నాలుగో వరుసలో ఒకచోట
గుంత దాటినట్టు ఎగురుతుంది.

పెరంబూరు వర్క్‌షాపు గోడ పక్కన
యతిరాజులు బ్యాండ్ పార్టీ.
ఎర్రకోటు భుజాల మీద జరీ ఊడి
దారాలు వేలాడేవి.
పెళ్ళికూతురు కారు దిగేటప్పుడు ఇదే పాట.
శవం గడప దాటేటప్పుడూ ఇదే,
కాస్త నెమ్మదిగా.
రేటు మాత్రం వేరు.

ఎక్కడిదీ పాట అంటే
తాత ఒక్కోసారి ఒక్కోటి చెప్పేవాడు.
పరంగిమల పటాలంలో ఎర్రముక్కు సార్జెంటు
బూట్లు తుడిపించుకుంటూ ఈల వేసేవాడనీ
తుడిచింది మా ముత్తాతేననీ.
మరోసారి సార్జెంటే లేడు,
వెపేరీ చర్చిలో ఆర్మోనియం తొక్కే
దొరసాని ఉంది.
తాగిన రాత్రి మాత్రం
అది మన వెంకటగిరి గొల్లల పాటేరా,
దొరలు ఎత్తుకుపోయి
ప్యాంటు తొడిగి తెచ్చారు, అనేవాడు.
నాన్న నవ్వేవాడు కాదు.
డ్రమ్ము తోలు బిగిస్తూ
ఏదైతేనేం, అడ్వాన్సు ఇచ్చారా అనేవాడు.

పోయిన నవంబరు వానల్లో
హిల్డా అని ఒక పెద్దామె వచ్చింది.
మోకాళ్ళ దాకా నీళ్ళు,
చెప్పులు చేతిలో, సంచి నెత్తిమీద.
వాళ్ళ ఊళ్ళో గొర్రెలకు ఉన్ని కత్తిరించే రోజున
ఒకప్పుడు ఇది పాడేవాళ్ళట.
ఎవరో చెప్పారట, మద్రాసులో
ఒక బ్యాండువాడి దగ్గర మిగిలుందని.

టీ తెప్పించాను. వాయించాను.
ఆమె కళ్ళు మూసుకుంది.
నాలుగో వరుస దగ్గర వేలు లేచింది:
ఇక్కడ ఒక స్వరం ఉండాలి.

క్లారినెట్ తిప్పి చూపించాను.
చిటికెనవేలి మీట లేదు.
తాత మూర్ మార్కెట్లో కొన్ననాటికే విరిగి ఉంది,
అందుకే సగం ధరకు వచ్చింది.
ఆ చోట ఆయన ఊపిరి బిగపట్టి దూకేవాడు.
నాన్నది మంచి వాద్యమే, అన్ని మీటలూ ఉన్నాయి,
అయినా దూకేవాడు.
నేనూ అంతే.

ఆమె సంచిలోంచి జిరాక్సు కాగితం తీసింది.
తనూ ఎవరి నోటా వినలేదట,
పాడేవాళ్ళు పోయిన చాలా ఏళ్ళకు పుట్టిందట.
గీతల మీద నల్లటి చుక్కలు,
చీమలు బెల్లం మోస్తున్నట్టు.
ఒక చుక్క కింద చిన్న అక్షరాలు.
ఆమె చదివి, నాకు అర్థమయ్యేలా మళ్ళీ చెప్పింది:
పాడిన ముసలాయన ఇక్కడ దగ్గాడు.
ఈ స్వరం నా ఊహ.

కరెంటు పోయింది.
వీధిలో ఎవరిదో ప్లాస్టిక్ బిందె
నీళ్ళ మీద తిరుగుతోంది.
చీకట్లో ఆమె ఆ స్వరంతో పాడింది,
నేను స్వరం లేకుండా వాయించాను.
ఆ ఒక్కచోట ఇద్దరం విడిపోయి
మళ్ళీ కలుసుకున్నాం.
రెండోసారి అక్కడ
ఆమె ఆగినట్టే అనిపించింది.
అడగలేదు.

తరవాత బందరు వీధిలో వెతికి
మీట కొన్నాను. మూడొందల ఎనభై.
పౌడరు డబ్బాలో పాత రీడ్లతో పాటు ఉంది.
డబ్బా ఊపితే గలగలమంటుంది.

శనివారం ఓటేరిలో శవం ఎత్తాలి.
పోయినాయన గార్డుగా రిటైరయ్యాడట,
కొడుకు ఫోన్ చేసి, ఆ పాట వేస్తారుగా అన్నాడు.
వేస్తాం.
కాస్త నెమ్మదిగా.