నైట్ హాల్ట్

పత్తికొండ డిపోలో బోర్డు రాసినాయన
ఊరిపేరులో ఒక సున్న మింగేసినాడు.
ఎర్రవంకపల్లి, ఎర్రవకపల్లి అయి
పదకొండేళ్లు తిరిగింది.
దిద్దమని ఒక్కరూ అడగలేదు.
బస్సు వస్తాంది కదా సామీ, పేరుతో ఏం పని అనిరి.

తుగ్గలికి పదకొండు కిలోమీటర్లు,
అందులో నాలుగే తారు.
మిగతాదంతా గులకరాళ్లు, ఒక వంక,
వంకలో నీళ్లొస్తే ఆ రోజుకు ఊరు లేదు.

రాత్రి ఎనిమిదిన్నరకు చేరేది.
తెల్లారి ఐదుంబావుకు కదిలేది.
నడుమ పీర్లచావిడి గోడ పక్కన
టిక్కు టిక్కుమంటా ఇంజను చల్లబడేది.
మౌలాలన్న వెనక సీటులో ముడుచుకునేవాడు.
నేను టాపెక్కి
చితికిన టమాటాల వాసన మీద దుప్పటి పరిచేవాణ్ణి.
మొదట్లో మొరిగిన కుక్క
మూడో ఏడు చక్రాల నడుమనే ఈనింది.

ఈ ఊరు నాకు టికెట్లలో తెలుసు.
సోమవారం సంతకు నలభై రెండు.
గురువారం మోకాళ్ల డాక్టరుకు ఏడుగురు అవ్వలు.
మేకపిల్లకు టికెట్టు, ఒళ్లో కోడికి మాఫీ.
తొలకరి పడిందా, లెక్క తలకిందులు.
చేలల్లో వజ్రం మెరుస్తుందని
బళ్లారి నుంచి, ధర్మవరం నుంచి
సద్దిమూటలతో దిగేవాళ్లు కొత్తమొహాలు.
వారం రోజులు వంగి వంగి
చెప్పులకు ఎర్రమన్ను తప్ప ఏమీ అంటకుండా ఎక్కేవాళ్లు.
ఆ నెల ఊరు రెండింతలు.

పుష్యమాసం పోతే సగం కూడా కాదు.
సుగ్గికి పోతారు, గుంటూరు పక్క మిరపకోతకు.
తట్టలు, సట్టెలు, జొన్నపిండి, చంటిపిల్లలు.
నేనే తీసుకుపోయి తుగ్గలి స్టేషన్లో దింపినా
మూడు తెల్లవారుజాములు.
హుసేనమ్మకు ఒకటి, ఆమె మొగునికి ఒకటి.
చీర కుచ్చిళ్ల వెనక నిలబడినోనికి
ఐదు నిండలేదని ఒట్టేసింది.
పిల్లోని పైపళ్లు రెండూ ఊడినాయి.
నమ్మినట్టు తల ఊపి ముందుకు పోయినా.

ఫిబ్రవరి ఆఖరి రాత్రి.
జనాభా లెక్కల పద్మాక్షి టీచరమ్మ
టార్చిలైటు, తలారి సుంకన్న, అట్టకు బిగించిన కాగితాలు.
నూటఅరవై గడపలకు సుద్దముక్కతో నంబర్లున్నాయి,
తొంభై ఒకటికి తాళాలున్నాయి.
ఇరవై రోజులుగా వస్తాండాను,
ఒక్క తాళమూ పలకలేదు, అనింది
బస్సు మెట్టు మీద కూలబడి.
ఎక్కడున్నారో నేను చెప్పినా.
ఎంతమంది అని అడిగింది.
సంచి తీసి, పాత వేబిల్లు చూసి
నూటఎనభై ఆరు, అన్నా.
టికెట్టు లేనోళ్లు?
నా దగ్గర జవాబు లేదు.

లైటు పైకెత్తింది.
ఈ రాత్రి ఇండ్లు లేకుండా పండుకున్నోళ్లను కూడా రాయాలంట.
మాకు ఇండ్లుండాయమ్మా, అన్నాడు మౌలాలన్న లోపలినుంచి.
నాకు ఆదోనిలో ఇల్లు, నెలకు ఎనిమిది రాత్రులు అక్కడ.
రాయమ్మా రాయి, అనె సుంకన్న,
మా ఊరికి ఇద్దరన్నా పెరగనీ.
ఆమె పెన్ను కాగితం మీద ఆగింది.
రాసిందో లేదో
చీకట్లో నాకు కనపడలేదు.

మార్చిలో డిపో మేనేజరు పిలిచినాడు.
రెండు నెలలుగా కలెక్షన్ లేదు,
ఖాళీ సీట్లకు డీజిలు పోయలేను, అన్నాడు.
మనుషులు ఉగాదికి తిరిగొస్తారు సార్, అంటే
అప్పుడు చూద్దాం లే, అన్నాడు.
బోర్డు మీద వేరే ఊరు రాసినారు.
ఈసారి తప్పు లేకుండా.

ఉగాది ముందురోజు రాత్రి
మౌలాలన్న వేరే బండి తోలుకొని వస్తా
గేటు దగ్గర చూసినాడంట:
గుంటూరు ప్యాసింజరు దిగి
తలల మీద కూలికిచ్చిన మిరపకాయల మూటలు,
సెల్‌ఫోను వెలుతురు నాలుగైదు చోట్ల,
పదకొండు కిలోమీటర్ల దోవ పట్టి వరసగా.
ఎంతమందన్నా, అని అడిగినా.
లెక్కపెట్టలేదప్పా, అన్నాడు.
కొంచెం సేపు బీడీ తాగి మళ్లీ అన్నాడు,
చంకల్లో నిద్రపోయేటోళ్లను
ఎట్ల లెక్కేసేది?